తీగల చివరి విమానం: ఇంజన్ కంపనానికి కారణాలు, పరీక్షలు



నేటి ప్రసంగ విషయం కంట్రోల్ లైన్ నమూనా విమానం, అందులోనూ ఆ విమానపు ఇంజన్‌లో పుట్టే కంపనం, ఆ కంపనానికి మూలం ఎక్కడుందో వరుసగా పరీక్షించి తెలుసుకునే పద్ధతి. రేడియో సంకేతాల అవసరం లేకుండా రెండు సన్నని ఉక్కు తీగలతో అదుపు చేసే విమానాన్ని కంట్రోల్ లైన్ విమానం అంటారు. ఈ తీగల ఒక కొస విమానం నడిపే వ్యక్తి చేతిలోని పిడికి, రెండో కొస విమానం మధ్యభాగంలో బిగించిన బెల్‌క్రాంక్ అనే చిన్న మీటకు కట్టి ఉంటాయి. మణికట్టును పైకి వంచినప్పుడు ఒక తీగ లాగినట్లయి, ఆ మీట తిరిగి, దానికి కలిపిన కడ్డీ తోకవద్ద ఉన్న ఎలివేటర్ అనే కదిలే పలకను పైకి లేపుతుంది కాబట్టి విమానం ఎక్కుతుంది. మణికట్టును కిందికి వంచితే దిగుతుంది. నడిపే వ్యక్తి వృత్తం మధ్యలో నిలబడి తనచుట్టూ తాను తిరుగుతుండగా విమానం ఆ వృత్తపు అంచున పరుగెత్తుతుంది. అంతర్జాతీయ విన్యాసాల పోటీల్లో ఈ తీగల పొడవు 15 నుంచి 21.5 మీటర్ల వరకు ఉండవచ్చునని నియమం.

ఈ ఏర్పాటులో విమానాన్ని అదుపులో ఉంచేది తీగల బిగువు ఒక్కటే. ఒక కిలో 200 గ్రాముల బరువున్న విమానం 18 మీటర్ల తీగ చివర సెకనుకు 24 మీటర్ల వేగంతో తిరుగుతున్నదనుకుంటే, అపకేంద్ర బలం వల్ల చేతికి తగిలే లాగుడు దాదాపు నాలుగు కిలోల బరువుతో సమానం. ఇంజన్ తడబడి వేగం తగ్గితే ఆ బిగువు కూడా తగ్గుతుంది, తీగలు వదులైన క్షణాన మణికట్టు ఎంత వంచినా ఎలివేటర్‌కు ఆ సంగతి చేరదు. ఇంజన్ నిలకడగా తిరగడం ఈ విమానానికి ప్రాణాధారం కావడానికి కారణం ఇదే.

భారతదేశంలో ఈ విద్యను పదిలంగా కాపాడుతున్న వ్యవస్థల్లో నేషనల్ క్యాడెట్ కోర్ ముఖ్యమైనది. 1948లో ఏర్పడిన ఈ సంస్థకు 1950లో వైమానిక విభాగం తోడయింది. ఆ విభాగపు శిక్షణలో నమూనా విమానాల తయారీ ఒక పాఠ్యాంశం కాగా, అఖిల భారత స్థాయిలో జరిగే వాయు సైనిక్ శిబిరపు పోటీల్లో కంట్రోల్ లైన్ విమానం నడపడం ఒక అంశంగా ఉంటూ వచ్చింది. తెలంగాణలో ఈ ఆసక్తికి అనువైన నేల లేకపోలేదు. హైదరాబాద్ ఉత్తరపు అంచున దుండిగల్ వాయుసేన అకాడమీ, హకీంపేట వైమానిక శిక్షణ కేంద్రం ఉండగా, ఆ రెంటికీ ఇంకా ఉత్తరాన, సిద్దిపేట జిల్లాలో వర్గల్ ఉంది. విద్యా సరస్వతి ఆలయంలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించేందుకు తల్లిదండ్రులు తరలివచ్చే ఊరు, జవహర్ నవోదయ విద్యాలయం ఉన్న ఊరు అయిన వర్గల్ వంటి చోట, భౌతికశాస్త్ర పాఠంలో చదివిన అపకేంద్ర బలం, పౌనఃపున్యం, అనునాదం అనే మాటలను చేత్తో తాకి తెలుసుకునే సాధనంగా ఈ విమానం ఉపయోగపడగలదు.

కంపనం సంగతికి వచ్చేముందు ఇంజన్ నిర్మాణం కొంత తెలియాలి. ఈ విమానాలకు వాడే సంప్రదాయ ఇంజన్ ఒకే సిలిండర్ గల రెండు స్ట్రోకుల ఇంజన్. అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేసరికి ఒక దహనం పూర్తవుతుంది. మిథనాల్, ఆముదం, కొద్దిగా నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే రకంలో గ్లో ప్లగ్ అనే చిన్న ప్లాటినం చుట్ట ఎర్రగా కాలుతూ దహనాన్ని రగిలిస్తుంది. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపి వాడే చిన్న డీజిల్ రకంలో గాలిని గట్టిగా నొక్కడంవల్ల పుట్టే వేడే ఆ పని చేస్తుంది. తెలంగాణ మెట్టపొలాల్లో పండే ఆముదానికి ఈ రెండు ఇంధనాల్లోనూ చోటుండడం గమనించదగ్గది; అధిక వేడిలోనూ లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణంవల్లే మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమాన ఇంజన్లలో కూడా దానిని కందెనగా వాడారు.

ఒకే సిలిండర్ ఉన్న ఇంజన్ ఎంత చక్కగా తయారైనా కొంత అదరక తప్పదు. పిస్టన్ పైకొసన ఒకసారి, కిందికొసన ఒకసారి ఆగి, దిక్కు మార్చుకుని పరుగెత్తాలి. అలా ఆపి, తిరిగి కదిలించడానికి కావలసిన బలమంతా ఇంజన్ శరీరం మీదే పడుతుంది. సుమారు ఆరు ఘనసెంటీమీటర్ల ఇంజన్‌లో పైకీ కిందికీ కదిలే భాగాల బరువు పది గ్రాములు, క్రాంక్ వ్యాసార్థం తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ అనుకుంటే, నిమిషానికి 10,000 చుట్ల వేగంలో ఆ బలం గరిష్ఠంగా 96 న్యూటన్లు, అంటే దాదాపు పది కిలోల బరువంత అవుతుంది. పది గ్రాముల లోహం సెకనుకు 166 సార్లకు పైగా పది కిలోల దెబ్బ వేస్తున్నదన్నమాట. దీనిని తగ్గించడానికి క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే పిస్టన్ కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చే ఇరుసుకు, ఎదురుబరువు పెడతారు. అయితే ఎదురుబరువు గుండ్రంగా తిరుగుతుంది, పిస్టన్ మాత్రం నిలువునా కదులుతుంది కాబట్టి, పిస్టన్ బలాన్ని పూర్తిగా రద్దు చేసేంత బరువు పెడితే అదే బలం అడ్డదిశలో తలెత్తుతుంది. అందువల్ల నిర్మాతలు దాదాపు సగం మేరకే సరితూచి, మిగిలినదానిని విమానం భరించేలా వదిలేస్తారు. పొలంలో ఆయిలింజన్‌ను సిమెంటు దిమ్మె మీద బిగించడం వెనుక ఉన్న అవసరమే ఇక్కడా ఉంది, కానీ ఎగరవలసిన వస్తువుకు దిమ్మె కట్టే వీలు లేదు.

కాబట్టి పరీక్షించవలసింది కంపనం ఉందా లేదా అని కాక, ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉందా అని. అది మితిమీరినప్పుడు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. పిడి పట్టుకున్న చేతికి తీగల వెంట సన్నని అదురు తగులుతుంది. ఇంధనపు పాళ్లను నిర్ణయించే సూదిమర, అంటే నీడిల్ వాల్వ్, దానంతట అదే తిరిగిపోతుంది. ఇంజన్‌కు ఇరువైపులా బోల్టులు దిగే చెవుల చుట్టూ, బయటికి చిమ్మిన నూనె మామూలు లేత రంగులో కాక, నల్లని బూడిదరంగు మరకగా మారుతుంది; అల్యూమినియం చెవులు ఆసరా కర్ర మీద సూక్ష్మంగా రాపిడి పడుతూ, అరిగిన లోహపు రజను నూనెలో కలవడమే ఆ నలుపుకు కారణం. కంటికి కదలిక ఏమాత్రం కనిపించని బిగింపు కూడా వదులైందని చెప్పే సాక్ష్యం ఆ మరక.

వీటన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించే గుర్తు ఇంధనపు నురగ. తొట్టి గట్టిగా అదిరినప్పుడు లోపలి ఇంధనం చిలికినట్లయి, చిన్నచిన్న గాలిబుడగలతో గొట్టంలోకి పోతుంది. ఇంధనం చేరవలసిన చోటికి గాలి చేరినందువల్ల మిశ్రమం పలచబడి, ఇంజన్ ఒక్కసారిగా కీచుమని వేగం పుంజుకోవడమో, వేడెక్కి ఆగిపోవడమో జరుగుతుంది. చూసేవారికి ఇది సూదిమర లోపంగా తోస్తుంది కాబట్టి దానిని పదేపదే తిప్పుతారు, గ్లో ప్లగ్ మారుస్తారు, ఇంధనం మారుస్తారు. అసలు లోపం ప్రొపెల్లర్‌లో ఉన్నంతకాలం ఇవేవీ పనిచేయవు. లోపం పుట్టేది ఒకచోట, బయటపడేది మరొకచోట కావడమే కంపనంలోని కష్టం. పరీక్షకు ఒక క్రమం అవసరమవడానికి కారణమూ అదే. ఆ క్రమంలో బయటి నుంచి లోపలికి, తేలికగా చూడగలిగిన దాని నుంచి విప్పవలసిన దానికి వెళ్లాలి.

అన్నిటికంటే ముందు, కంపనం వేగంతో ఎలా మారుతున్నదో గమనించాలి. విమానాన్ని నేలమీద గట్టిగా పట్టించి, ఇంజన్ వేగాన్ని క్రమంగా పెంచినప్పుడు అదురు కూడా దానితోపాటు ఎడతెగకుండా పెరుగుతూ పోతే, తిరిగే భాగాల్లో ఎక్కడో బరువు సరితూగడం లేదని భావించవచ్చు, ఎందుకంటే అసమతుల్య బలం వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. అలాకాక ఒకానొక వేగం దగ్గర మాత్రమే అదురు ఉధృతమై, ఆ వేగం దాటగానే తగ్గిపోతే అది అనునాదం. ప్రతి వస్తువుకూ తనదైన సహజ కంపన పౌనఃపున్యం ఒకటి ఉంటుంది; ఇంజన్ చుట్ల పౌనఃపున్యం దానితో కలిసినప్పుడు చిన్న బలమే పెద్ద ఊపును పుట్టిస్తుంది. మొదటి రకానికి మందు ఇంజన్ వైపు, రెండో రకానికి మందు విమాన నిర్మాణం వైపు వెతకాలి.

తరువాత ప్రొపెల్లర్. లోపం ఎక్కువసార్లు ఇక్కడే తేలుతుంది. దాని నడిమి రంధ్రంలో సరిగ్గా పట్టే నున్నని కడ్డీ దూర్చి, ఆ కడ్డీని సమమట్టంలో ఉన్న రెండు పదునైన అంచుల మీద ఆనించి వదిలితే, బరువైన రెక్క కిందికి దిగుతుంది. ఆ రెక్క ముందువైపు ఉపరితలాన్ని, ఆకారం చెడకుండా, ఉప్పుకాగితంతో కొద్దికొద్దిగా రుద్దుతూ, ఏ స్థితిలో వదిలినా అదే స్థితిలో నిలిచేవరకు పరీక్షించాలి. అడ్డంగా పెట్టినప్పుడు నిలిచి, నిలువుగా పెట్టినప్పుడు తిరిగిపోతుంటే రెక్కలు సమంగా ఉన్నాయి, నడిమి దిమ్మలో ఒకవైపు బరువు ఎక్కువుందని అర్థం. ఈ శ్రమ వృథా కాదని ఒక లెక్క చెబుతుంది: ఇరుసుకు పది సెంటీమీటర్ల దూరంలో ఒక్క గ్రాము తేడా ఉంటే నిమిషానికి 10,000 చుట్ల దగ్గర పుట్టే బలం 110 న్యూటన్లు, అంటే పిస్టన్ మొత్తం పుట్టించే బలాన్ని మించిపోతుంది, గ్రాములో పదోవంతు తేడాయే కిలోకు పైగా బరువుతో లాగుతుంది. నేలకు తగిలి కొస చీలినా, నడుమ సన్నని పగులు కనిపించినా ఆ ప్రొపెల్లర్‌ను సరిచేయాలని చూడకుండా విరిచి పారవేయాలి. పగిలిన రెక్క తిరుగుతూ ఊడితే మనిషికి ప్రాణాపాయం.

సరితూగిన ప్రొపెల్లర్ కూడా వంకరగా బిగిస్తే అదురుతుంది. దీనిని చూడడానికి గ్లో ప్లగ్ విప్పి, సిలిండర్‌లో గాలి నొక్కుడు లేకుండా చేసి, ఒక రెక్క కొస దగ్గర కదలని గుర్తు ఒకటి నిలిపి, చేత్తో మెల్లగా తిప్పాలి. రెండు కొసలూ ఆ గుర్తుకు ఒకే దూరంలో సాగిపోతే మంచిదే. ఒక కొస దగ్గరగా, ఒక కొస దూరంగా పోతుంటే, నట్టు వదులుచేసి, ప్రొపెల్లర్‌ను ఇరుసు మీద సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి చూడాలి. ముందు తేడా చూపిన రెక్కే మళ్లీ చూపితే లోపం ప్రొపెల్లర్‌ది; రెక్క మారినా ఇరుసు అదే స్థితికి వచ్చినప్పుడు తేడా కనిపిస్తే లోపం ఇరుసుది లేదా ప్రొపెల్లర్ వెనుక ఆనే బిళ్లది. ముక్కుతో నేలను కొట్టిన విమానంలో క్రాంక్‌షాఫ్ట్ వంగడం అరుదు కాదు. దానిని సుత్తితో సరిచేయడం కంటే మార్చడమే క్షేమం. రంధ్రం ఇరుసుకంటే పెద్దదై ప్రొపెల్లర్ కేంద్రం తప్పినా, ముందు తొడిగే ముక్కు టోపీ వంకరగా కూర్చున్నా ఇదే రకపు అదురు పుడుతుంది కాబట్టి, టోపీ తీసేసి ఒకసారి నడిపి చూడడం తేలికైన పరీక్ష.

మూడవది బిగింపు. కంట్రోల్ లైన్ విమానాల్లో ఇంజన్‌ను సాధారణంగా రెండు గట్టి కర్ర దూలాల మీద నాలుగు బోల్టులతో బిగిస్తారు. ఆ దూలాల పైభాగాలు ఒకే మట్టంలో లేకపోతే, బోల్టులు బిగించినప్పుడు ఇంజన్ శరీరమే మెలితిరిగి, లోపల ఇరుసు బిగుసుకుంటుంది. మూడు బోల్టులు ఆనించి, నాలుగో చెవి కింద పలుచని కాగితం దూర్చి చూస్తే ఈ లోపం తెలిసిపోతుంది. కాగితం సులువుగా దూరితే అక్కడ ఎడం ఉన్నట్టే. బోల్టు ఒత్తిడికి కర్ర నలిగి, కొన్ని పరుగుల తరువాత బిగువు సడలుతుంది కాబట్టి, చెవులకూ కర్రకూ నడుమ అల్యూమినియం పట్టీ వేసి ఒత్తిడిని పరచడం, ప్రతి రోజు మొదటి ఎగురుడుకు ముందు బోల్టులను పానాతో తడిమి చూడడం మంచి అలవాటు. కర్రలోకి నూనె ఇంకి జిగురు వదిలితే బోల్టులు ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. అప్పుడు దూలాన్నే విప్పి, ఎండబెట్టి, తిరిగి అతకాలి.

ఇక్కడ విమాన శరీరపు ఆకృతి కూడా లెక్కలోకి వస్తుంది. అభ్యాసానికి వాడే విమానాల్లో చాలావాటి శరీరం ఒకే పలక; దానికి పక్కవాటుగా ఇంజన్ బిగించి ఉంటుంది. తయారీ సులువు, మరమ్మతు సులువు. అయితే పలక నిలువునా గట్టిది, పక్కకు మెత్తనిది. పక్కవాటు ఇంజన్‌లో పిస్టన్ కదిలేది కూడా సరిగ్గా ఆ పక్కదిశలోనే. బలం ఎటు ఎక్కువో నిర్మాణం అటే బలహీనం కావడంవల్ల ఈ రకం విమానాలు ఎక్కువగా అదురుతాయి. ముక్కుభాగానికి రెండువైపులా పలుచని ప్లైవుడ్ అతికి, అది రెక్క లోపలి వరకు పోయేట్టు చేయడం, తొట్టికీ పలకకూ నడుమ మెత్తని రబ్బరు స్పంజి ఉంచి నురగను తగ్గించడం దీనికి తగిన మార్గాలు. అనునాదం అనుమానం ఉన్నప్పుడు కొలతలో కొద్దిగా భిన్నమైన ప్రొపెల్లర్ వేసి ఇంజన్ వేగాన్ని అటో ఇటో జరిపినా ఉపశమనం కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతే ఇంజన్ లోపలికి పోవాలి. ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ కదిపినప్పుడు వదులు తెలిస్తే బేరింగ్ అరిగిందని, మెల్లగా తిప్పినప్పుడు గరగరమంటే బాల్ బేరింగ్‌కు తుప్పు పట్టిందని అర్థం. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది కాబట్టి, వానకాలంలో ఇంధనం మిగిలిన ఇంజన్‌ను అలాగే పెట్టెలో ఉంచితే తుప్పు త్వరగా పడుతుంది. ఎగురుడు ముగిశాక తొట్టి ఖాళీ చేసి, గొట్టం తీసి, మిగిలిన ఇంధనం కాలిపోయేవరకు నడిపి, రెండు చుక్కల నూనె వేయడంతో ఈ కష్టం తప్పుతుంది.

చివరగా మిశ్రమం. విన్యాసాలకు వాడే ఇంజన్‌ను చాలామంది కావాలనే ఇంధనం ఎక్కువ పాలుగా నడుపుతారు. అప్పుడు ప్రతి చుట్టుకూ కాక, చుట్టు విడిచి చుట్టుకు దహనం జరిగి, ఇంజన్ మందంగా, గరుకుగా ధ్వనిస్తుంది. విమానం ముక్కెత్తినప్పుడు మిశ్రమం పలచబడి, ప్రతి చుట్టుకూ దహనం మొదలై, అవసరమైన శక్తి అందుతుంది. ఆ గరుకుదనం లోపం కాదు. అయితే వర్గల్ వంటి చోట రుతువును బట్టి ఇది మారిపోతుంది. ఈ ప్రాంతం దక్కన్ పీఠభూమిలో సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి తీరప్రాంతంలో కంటే ఎప్పుడూ కొంత పలుచనే. అందులోనూ చలికాలపు ఉదయం 15 డిగ్రీల నుంచి మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలకు ఉష్ణోగ్రత చేరితే గాలి సాంద్రత మరో 8 శాతం తగ్గుతుంది. గాలి తగ్గి, ఇంధనం అంతే వస్తుంటే మిశ్రమం చిక్కనై ఇంజన్ మరింత గరుకుగా తిరుగుతుంది. జనవరిలో కుదిర్చిన సూదిమర మేలో పనికిరాదన్న సంగతి తెలియకపోతే, లేని యంత్రలోపం కోసం ఇంజన్‌ను అనవసరంగా విప్పడం జరుగుతుంది.

ఈ పరీక్షలన్నిటికీ ఆధారమైన నియమం ఒకటే: ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ నడిపి చూసి, ఫలితాన్ని పుస్తకంలో రాసుకోవాలి. ప్రొపెల్లర్, బోల్టులు, ప్లగ్ మూడూ ఒకేసారి మార్చి అదురు పోగొట్టినవారికి విమానం బాగుపడుతుంది కానీ కారణం తెలియదు. తెలియని కారణం మళ్లీ వచ్చినప్పుడు పని మొదటి నుంచి ఆరంభమవుతుంది.

జాగ్రత్తల విషయంలో రాజీకి తావు లేదు. తిరిగే ప్రొపెల్లర్‌కు ఎదురుగా గానీ, రెక్కలు తిరిగే తలానికి పక్కగా గానీ ఎవరూ నిలబడకూడదు. సూదిమరను ఎప్పుడూ వెనుకవైపు నుంచే తిప్పాలి. పరీక్షలో ఇంజన్‌ను పట్టుకునేది పెద్దవారై ఉండాలి. అన్నిటికీ మించి, ఈ విమానపు తీగలు ఉక్కువి, వాటి చివర ఉన్నది మనిషి చెయ్యి. పొలాల మీదుగా పంపుసెట్లకు పోయే కరెంటు తీగలకు, 11 కిలోవోల్టుల లైన్లకు చాలా దూరంగా ఉన్న ఖాళీ మైదానంలోనే ఎగరవేయాలి. మబ్బు పట్టి ఉరుములు వినిపిస్తే ఆట కట్టిపెట్టాలి.

ఖరీదైన పరికరం ఏదీ లేకుండా, ఒక కడ్డీ, ఒక కాగితం ముక్క, ఒక పానా, ఒక నోటు పుస్తకంతో జరిగే ఈ పరీక్షల్లో యంత్రశాస్త్రపు మూలసూత్రాలన్నీ ఇమిడి ఉన్నాయి. పెద్ద విమానాల ఇంజన్లను, విద్యుత్ కేంద్రాల టర్బైన్లను పరీక్షించే ఇంజనీర్లు కూడా కంపనం వేగంతో పెరుగుతున్నదా, ఒక వేగం దగ్గరే వస్తున్నదా అన్న ప్రశ్న వేసుకుంటారు. పాఠశాలల్లో, ఐటీఐల్లో, క్యాడెట్ శిక్షణలో విద్యార్థులకు నమూనా విమానం ఎగరవేయడం నేర్పేవారు, దానితోపాటు ఈ వెతికే క్రమాన్ని కూడా నేర్పడం అవసరం. ఎగరవేయడం చేతికి ఒడుపునిస్తుంది. అదురుకు కారణం పట్టుకోవడం బుద్ధికి క్రమాన్నిస్తుంది, ఆ క్రమం ఏ యంత్రం దగ్గర నిలబడినా అక్కరకు వస్తుంది.